ఎదురు మొరిగే ఈడు: రాజపాళయం కుక్క, వందేళ్ల వాదం

ఆరేడు నెలలు నిండిన కుక్క ఉన్నట్టుండి పెంచిన మనిషి మీదికే మొరగడం మొదలుపెడుతుంది. మొన్నటిదాకా పిలవగానే తోకూపుకుంటూ వచ్చిన కుక్కే. ఇప్పుడు ‘కూర్చో’ అంటే నిలబడి చూస్తుంది. గొలుసు చేతిలోకి తీసుకుంటే అరుస్తుంది. సాయంత్రం యజమాని కాస్త నడుం వాల్చగానే రెండడుగుల దూరంలో నిలబడి ఆపకుండా మొరుగుతుంది. ‘తలకెక్కింది, నాలుగు తగిలిస్తే దిగుతుంది’ అని ఒకరంటారు. ‘ఈడు అలాంటిది, అదే పోతుంది’ అని ఇంకొకరంటారు. ఈ రెండు సలహాల వెనకా వందేళ్లకు పైబడిన వాదం ఉంది. తోడేళ్ల మీద పరిశోధనలు, ప్రయోగశాలలు, టీవీ కార్యక్రమాలు, పశువైద్య సంఘాల ప్రకటనలు అన్నీ అందులో కలిసి చిక్కుపడ్డాయి. ఒక ఊరి పేరునే తన పేరుగా చేసుకున్న రాజపాళయం కుక్కను ఎదురుగా నిలబెట్టి చూస్తే, ఈ వాదం ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ డొల్లగా ఉందో తేలిగ్గా కనిపిస్తుంది.

వేట పోయింది, గొలుసు మిగిలింది

రాజపాళయం తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అడుగున ఉంది. విజయనగర కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్లిన రాజుల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజాది ఈ ఊరే. ఇక్కడి కుక్కకు ఒళ్లంతా తెలుపు, గులాబీ రంగు ముక్కు, లోతైన ఛాతీ, సన్నటి నడుము, పొడవాటి కాళ్లు. వాసన కన్నా చూపును నమ్ముకుని తరిమే జాతి. అడవిపంది వేటకూ, పొలాలకూ ఇళ్లకూ కాపలాకూ దీన్ని పెంచారు. ఇంట్లో ఒకరిద్దరికి గట్టిగా అతుక్కుపోవడం, కొత్తవాళ్లు తాకితే సహించకపోవడం దీని స్వభావమని పెంచినవాళ్లు చెబుతారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అనుమతి లేని వేట నేరమైంది. పరుగెత్తడానికే పుట్టిన కుక్కకు పరుగు పని పోయి, కాపలా పని ఒక్కటే మిగిలింది. జాతి తగ్గిపోతోందన్న బెంగతో 1980-81లో తమిళనాడు పశుసంవర్ధక శాఖ చెన్నైలోని సైదాపేటలో దేశవాళీ కుక్కల పెంపక కేంద్రం పెట్టింది. 2005 జనవరి 9న తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్లల్లో ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెలకాపరి జాతులతో పాటు రాజపాళయమూ ఉంది. 2020 ఆగస్టు 30న ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీని పేరెత్తాక పిల్లల కోసం అడిగేవాళ్లు పెరిగారు. పొలం గట్ల మీద తిరిగిన జాతి పిల్ల నగరంలో ఏ నాలుగో అంతస్తుకో చేరుతోంది. అక్కడ దానికి ఎనిమిదో నెల, అంటే ఎదురు మొరిగే ఈడు, వస్తుంది.

ఊళ్లోనే ఉన్న కుక్క పరిస్థితి మెరుగని అనుకోవడానికీ లేదు. కాపలా కుక్కంటే పగలు కట్టేసి రాత్రి వదలాలన్నది చాలాచోట్ల పాతుకుపోయిన పద్ధతి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కొట్టడాన్ని మాత్రమే నేరమనలేదు. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో అదేపనిగా కట్టేసి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరాలేనంది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె ఇప్పటికీ అంతే ఉండటం వల్ల ఆ సెక్షన్‌కు ఎవరూ భయపడరు. కానీ కుర్ర కుక్క యజమాని మీద ఎందుకు మొరుగుతుందన్న ప్రశ్నకు తొలి జవాబు చాలా ఇళ్లల్లో ఆ సెక్షన్‌లోనే దొరుకుతుంది.

పెత్తనం సిద్ధాంతం ఎలా పుట్టింది

1910లో జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణనిచ్చిన కోన్రాడ్ మోస్ట్ ఒక పుస్తకం రాశాడు. కుక్కకూ మనిషికీ మధ్య ఎవరు పై, ఎవరు కింద అన్నది బలంతో తేల్చుకోవాలన్నది అందులో ముఖ్యమైన మాట. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను చూసి రాసిన పరిశోధన ఈ మాటకు శాస్త్రం రంగు అద్దింది. మందలో ఒక మగదీ ఒక ఆడదీ పోట్లాడి పెత్తనం సంపాదిస్తాయనీ, దాన్ని నిత్యం కాపాడుకుంటాయనీ ఆయన రాశాడు. కుక్క తోడేలు సంతతే గనక ఇంట్లోనూ ఇదే జరుగుతుందని అందరూ అనుకున్నారు. 1962లో అమెరికాలో విలియం కోలర్ పుస్తకం, 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠం సన్యాసుల పుస్తకం ఈ దారిలోనే నడిచాయి. ఎదురు తిరిగిన కుక్కను వెల్లకిలా పడేసి లొంగేదాకా అదిమిపట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఈ సన్యాసులే. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ చానల్లో సీజర్ మిలన్ కార్యక్రమం మొదలయ్యాక అదే మాట కేబుల్ ఉన్న ప్రతి ఇంటికీ చేరింది.

ఈ పక్షం లెక్కలో యజమాని మీద మొరగడం గద్దె కోసం పోటీ. దానికి జవాబు వెంటనే, గట్టిగా ఇవ్వాలి.

సిద్ధాంతానికి ప్రచారం తెచ్చినవాడే దాన్ని కాదనడం ఈ చరిత్రలో అరుదైన మలుపు. 1970లో తోడేళ్ల మీద పుస్తకం రాసి పెత్తనం మాటను లోకమంతా చాటిన డేవిడ్ మెక్, తర్వాత కెనడా ఆర్కిటిక్ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించాడు. మందంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశాడు. ముక్కూ మొహం తెలియని తోడేళ్లను ఒక దొడ్లో బంధిస్తే జరిగే కొట్లాటను మొత్తం జాతి స్వభావంగా చూడటం తప్పన్నాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తను తానే అడిగాడు. న్యూ స్కీట్ సన్యాసులు కూడా 2002 నాటి కూర్పులో వెల్లకిలా పడేసే పద్ధతి వద్దన్నారు. 2008లో అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘం పెత్తనం సిద్ధాంతం ఆధారంగా కుక్కలను సరిదిద్దవద్దని ప్రకటించింది.

అయితే సిద్ధాంతం పూర్తిగా అబద్ధమని తేలలేదు. 2009లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బ్రాడ్‌షా బృందం కుక్కల మధ్య పెత్తనం అన్న భావనే పనికిరాదని రాస్తే, 2014లో నెదర్లాండ్స్‌కు చెందిన షిల్డర్ బృందం దాన్ని కాదంది. కలిసి బతికే కుక్కల మధ్య పై కింద స్థానాలు ఉంటాయనీ, వాటిని కొలవొచ్చనీ చూపింది. ఆ పరిశోధకులు కూడా దాన్ని అడ్డం పెట్టుకుని మనిషి కుక్క మీద బలప్రయోగం చేయాలని అనలేదు. రచ్చబండ వాదనల్లో ఈ తేడా ఎప్పుడూ జారిపోతుంది.

బహుమతి పక్షం, దాని లెక్కలు

రెండో పక్షానికి మూలపురుషుడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్. ఏ పనికి లాభం దక్కితే ఆ పని పెరుగుతుందన్న సూత్రాన్ని కుక్కకు ఎలా వాడాలో 1951లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మామూలు పాఠకుల కోసం రాశాడు. 1982లో ఇయాన్ డన్‌బార్ కుక్కపిల్లలను గొలుసు లేకుండా వదిలి నేర్పే తరగతులు ప్రారంభించాడు. 1984లో డాల్ఫిన్ల శిక్షకురాలు కారెన్ ప్రయర్ రాసిన పుస్తకం ఈ దారిని ఇళ్లలోకి తెచ్చింది.

వీళ్ల దృష్టిలో మొరగడం గద్దె కోసం కాదు. మొరిగితే ఏదో దక్కింది గనక మళ్లీ మొరుగుతోంది. తిట్టు కూడా దక్కుడే. గంటల తరబడి పట్టించుకోని మనిషి మొరగగానే తిరిగి చూశాడు, మాట్లాడాడు, లేచి వచ్చాడు. కుక్కకు కావలసింది అదే.

శిక్ష వల్ల జరిగే నష్టం మీద ఈ పక్షం దగ్గర గట్టి అంకెలున్నాయి. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మేఘన్ హెరన్ బృందం ప్రవర్తన సమస్యలతో వచ్చిన 140 కుక్కల యజమానులను అడిగింది. కొట్టిన, తన్నిన వాళ్లలో కుక్క తిరగబడిందని చెప్పినవాళ్లు 43 శాతం. వెల్లకిలా పడేస్తే తిరగబడ్డవి 31 శాతం, కళ్లలోకి గుడ్లురిమి చూస్తే 30 శాతం. 2020లో పోర్చుగల్‌లోని పోర్టోలో 92 కుక్కలను గమనించినప్పుడు, శిక్షతో నేర్పే బడుల్లోని కుక్కల ఉమ్మిలో శిక్షణ తర్వాత ఒత్తిడి హార్మోను కార్టిసోల్ ఎక్కువగా పెరిగింది, బెదురు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

ఎదుటి పక్షం అభ్యంతరం ఒకటి తోసిపుచ్చలేనిది. మొండి కుక్క ఉన్నవాడే కర్ర పట్టుకుంటాడు గదా, కర్ర వల్ల కుక్క మొండిదైందని ఎలా చెప్తారు? యజమానులను అడిగి రాసుకున్న లెక్కలు దీన్ని తేల్చలేవు. వెంటపడి తరిమే కుక్కను ఆపడం మీద 2024లో అమెరికాలో జాన్సన్, విన్ చేసిన చిన్న ప్రయోగంలో కరెంటు షాకిచ్చే పట్టీ త్వరగా పనిచేసింది, బహుమతి పద్ధతి ఆ కొద్ది రోజుల్లో ఆపలేకపోయింది. కుక్కలు బాధతో అరిచాయన్నదీ ఆ పరిశోధనలోనే ఉంది, బహుమతి పద్ధతిని సరిగ్గా వాడలేదని విమర్శలూ వచ్చాయి. పిలిస్తే వచ్చేలా నేర్పడం మీద 2020లో బ్రిటన్‌లో 63 కుక్కలతో వచ్చిన ఫలితం దీనికి భిన్నం: షాకు పట్టీకి ఎక్కువ పనితనమేమీ కనిపించలేదు. చూపుతో తరిమే రాజపాళయం లాంటి జాతి ఉన్నవాళ్లకు ఈ తగువు దూరపు సంగతి కాదు. అయితే తరమడం వేరు, యజమాని ముఖంలోకి చూసి మొరగడం వేరు. మొదటిదానికి పనిచేసిన పట్టీని రెండోదానికి బిగించడానికి ఏ ఆధారమూ లేదు.

ఎనిమిదో నెల

ఈ రెండు పక్షాలూ చాలాకాలం వయసును పట్టించుకోలేదు. 2020 మేలో ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో లూసీ ఆషర్, నవోమీ హార్వే తదితరులు రాసిన వ్యాసం ఆ ఖాళీని పూరించింది. బ్రిటన్‌లో చూపులేనివాళ్లకు దారి చూపడానికి పెంచే లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ కుక్కలకు ఐదో నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి ‘కూర్చో’ అని చెప్పి చూశారు. ఎనిమిదో నెలలో మాట వినకపోవడం పెరిగింది. కానీ పెంచిన మనిషి చెప్పినప్పుడే పెరిగింది. కొత్తవాళ్లు చెబితే వినడం తగ్గలేదు సరికదా, మెరుగైంది. 285 కుక్కల మీద అడిగిన ప్రశ్నల్లోనూ ఇదే తేడా. పెంచినవాళ్లు ఎనిమిదో నెలలో తక్కువ మార్కులేశారు, శిక్షకులు ఎక్కువేశారు. పన్నెండో నెలకు పెంచినవాళ్ల దగ్గరా పరిస్థితి చక్కబడింది. యజమానితో బంధం కుదురుగా లేని ఆడకుక్కలు ముందుగా ఈడుకొచ్చాయని కూడా తేలింది.

పెత్తనం కోసమే అయితే అందరి మాటా కాదనాలి. కేవలం అలవాటు ప్రకారమే అయితే, ఎక్కువ బహుమతులిచ్చిన మనిషి మాటే ముందు వినాలి. రెండూ జరగలేదు. ఈడొచ్చిన కుక్క తనకు అందరికన్నా దగ్గరైన మనిషి దగ్గరే పేచీ పెట్టుకుంది. అందుకే ఈ వయసులో యజమాని ఇచ్చే జవాబుకు మామూలు కన్నా ఎక్కువ బరువుంటుంది. ఇళ్లు కుక్కల్ని వదిలించుకునేదీ ఎక్కువగా ఈ వయసులోనే. నాలుగు నెలల్లో సర్దుకోబోయే కుక్క వీధిన పడటం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

మొరుగుడు ఒకటి కాదు

మొరుగుడులో అర్థముందా అన్నదీ ఒకప్పుడు తగువే. పెంపుడుతనం వల్ల మిగిలిపోయిన పిల్లచేష్ట అని రేమండ్ కాపింజర్ 1991లో వాదించాడు. అమెరికాలో సోఫియా యిన్ 10 కుక్కల నుంచి 4,672 మొరుగుళ్లు రికార్డు చేసి, సందర్భాన్ని బట్టి శబ్దం మారుతుందని 2004లో చూపింది. హంగరీలో పీటర్ పొంగ్రాట్స్ బృందం మామూలు మనుషులకు రికార్డులు వినిపిస్తే, ఏ సందర్భంలో మొరిగిందో చాలామంది సరిగ్గానే పోల్చుకున్నారు. ముతక గొంతుతో, ఎడం లేకుండా మొరిగితే కోపమనీ, సన్నగా, విడివిడిగా మొరిగితే భయమో దిగులో ఆటో అనీ పోల్చారు.

పెరట్లో ఇది ఇలా కనిపిస్తుంది. ముందుకాళ్లు నేలకు చాచి, వెనకభాగం పైకెత్తి, పక్కకు గెంతి మొరిగిందంటే ఆటకు రమ్మంటోంది. గిన్నె వైపు, మనిషి వైపు మార్చి మార్చి చూస్తూ ఒకే స్థాయిలో మొరిగితే అడుగుతోంది. రాత్రి ఎనిమిదింటికి కళ్లు ఎర్రబడి, గుండ్రంగా తిరుగుతూ, పంచె అంచు పట్టి లాగుతూ మొరిగితే నిద్ర చాలలేదు. ఒళ్లు బిగించి, కదలకుండా, తోక నిలిపి, లోగొంతుతో గుర్రుమంటే హెచ్చరిస్తోంది. అప్పుడు వెనక్కి తగ్గాలి. గుర్రును కొట్టి మాన్పిస్తే, ఆ తర్వాత గుర్రుమనకుండానే కరిచే కుక్క తయారవుతుంది.

వీటన్నిటికీ ముందు వైద్యం. ప్రవర్తన బాగా లేదని వచ్చిన కుక్కల్లో, తక్కువలో తక్కువ లెక్క వేసినా మూడో వంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉందని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం 2020లో రాసింది. మన దేశంలో ఇంకో మాట తప్పక చెప్పాలి. టీకా పడని కుక్క గొంతు హఠాత్తుగా మారి, చొంగ కారుస్తూ, మింగలేక, అయినవాళ్ల మీదికే వస్తుంటే అది ఈడు కాదు, రేబిస్ కావచ్చు. దగ్గరికి వెళ్లకుండా పశువైద్యుణ్ణి పిలవాలి.

చెవి సంగతి

రాజపాళయం విషయంలో రెండు పక్షాలూ దాటేసిన ప్రశ్న ఒకటుంది. ఆ కుక్కకు అసలు వినిపిస్తోందా?

ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో వినికిడి నిలబెట్టడానికి కావాలి. తెలుపు కోసం ఎంచి ఎంచి జతకట్టించిన జాతుల్లో ఆ కణాలు చెవిలోకి చేరకపోతే, పుట్టిన మూడు నాలుగు వారాల్లో వినికిడి పోతుంది. డాల్మేషియన్‌లో బాగా అధ్యయనం చేసిన ఈ పుట్టుచెవుడు రాజపాళయం జాతిలోనూ ఉందని పెంపకందారులకు ఎప్పటినుంచో తెలుసు. అచ్చ తెలుపే స్వచ్ఛతకు గుర్తనే పట్టింపు, దగ్గర చుట్టరికంలో జతకట్టించడం దాన్ని పెంచాయి.

రెండు చెవులూ వినిపించని పిల్లను తోబుట్టువుల మధ్య కనిపెట్టడం కష్టం. మిగతావి లేస్తే అదీ లేస్తుంది, అవి పరుగెత్తితే అదీ పరుగెత్తుతుంది. ఒంటరిగా ఇంకో ఇంటికి వెళ్లాక, ఎనిమిదో నెలలో, దాన్ని ‘పొగరుబోతు’ అంటారు. ఒక్క చెవే వినిపించేదైతే శబ్దం విని కూడా ఎటునుంచి వచ్చిందో తెలియక తికమకపడుతుంది. వెనకనుంచి తాకితే ఉలిక్కిపడి మొరుగుతుంది. యజమాని గొంతు పెంచేకొద్దీ దానికి అందేది కోపం నిండిన ముఖం ఒక్కటే.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష చిన్నది. కుక్క నిద్రపోతున్నప్పుడు వెనక, దూరంగా, నేల అదరకుండా, గాలి తగలకుండా గజ్జెలో తాళాలో ఆడించి చెవి కదులుతుందేమో చూడాలి. ఒక్క చెవి లోపం దీనికి దొరకదు. మెదడు కాండం స్పందనను కొలిచే యంత్రమే దాన్ని పట్టగలదు. చెవిటి కుక్క ప్రమాదకరమన్న అపోహకూ ఆధారం లేదు. 2014లో అమెరికాలో యజమానులను అడిగి చేసిన అధ్యయనంలో వినికిడి, చూపు లోపాలున్న కుక్కలు మామూలువాటికన్నా దూకుడుగా లేవని తేలింది. చేతి సైగలు, రాత్రిపూట టార్చి వెలుగు, దగ్గరికి వచ్చేముందు నేలమీద కాలితో తట్టడం ఇవన్నీ వాటికి బాగా అర్థమవుతాయి.

ఆచరణలో ఎక్కడ కలుస్తారు

సిద్ధాంతాలు పక్కనబెట్టి పని చూస్తే దూరం తగ్గుతుంది. పెత్తనం పక్షం శిక్షకులు కోరేది నియమం: ఇంట్లో అందరికీ ఒకే మాట ఉండాలి, కుక్క అడిగిందల్లా అడిగిన క్షణాన దక్కకూడదు. బహుమతి పక్షం కోరేదీ అదే, కారణం వేరు. అప్పుడప్పుడూ దక్కే లాభమే అలవాటును అన్నిటికన్నా గట్టిగా నిలబెడుతుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో చూపారు. ఉమ్మడి ఇంట్లో ఇది రోజూ జరిగేదే. తండ్రి కసురుతాడు, కొడుకు బయటికి తీసుకెళ్తాడు, నాయనమ్మ జంతిక ముక్క విసిరి నోరు మూయిస్తుంది. కుక్క నాయనమ్మ పాఠమే నేర్చుకుంటుంది.

విడిపోయేది తర్వాతి అడుగు దగ్గర. మొరగగానే మాట్లాడకుండా, చూడకుండా అవతలికి వెళ్లి, రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం దొరికినప్పుడు తిరిగొచ్చి తినడానికి ఏదైనా పెట్టడం బహుమతి పక్షం పద్ధతి. మొదటి రోజుల్లో మొరుగుడు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది పనిచేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నించడం ఏ ప్రాణికైనా సహజం. సగం ఇళ్లు ఇక్కడే చేతులెత్తేసి కర్ర అందుకుంటాయి. ఈ సంగతి ముందే చెప్పని శిక్షకుడు కుక్కకు కర్ర దెబ్బలు కొని పెట్టినట్టే.

ఇన్ని ఆధారాలూ చూశాక బహుమతి పక్షమే గట్టిదని ఒప్పుకోవాలి. అయితే గొలుసు మీద పెరిగిన కుక్కకు ఆ సలహా ఒక్కటే సరిపోదు. రోజంతా అడుగున్నర మేర తిరిగిన కుక్కను ‘పట్టించుకోకండి’ అనడం క్రూరత్వం. రాజపాళయానికి పొద్దున ఎండెక్కకముందు చుట్టూ కంచె ఉన్న తోటలో విడిచి పరుగు, సాయంత్రం ఇంకోసారి నడక, మధ్యలో ఎవరూ కదపని నిద్ర దొరికాకే మొరుగుడును చదవడం మొదలుపెట్టాలి.

ఇంకా తేలనివి

పిల్లలు పుట్టకుండా కుక్కకు చేసే ఆపరేషన్ సంగతి చిక్కుముడిగానే ఉంది. ‘ఈడొచ్చింది, కోయించేస్తే నెమ్మదిస్తుంది’ అని వైద్యులే చాలామంది చెబుతారు. కానీ పాల్ మెక్‌గ్రీవీ, జేమ్స్ సెర్పెల్ తదితరులు మగవాటి మీద 2018లో, ఆడవాటి మీద 2019లో రాసిన పరిశోధనల్లో, లైంగిక హార్మోన్లతో తక్కువ కాలం గడిపిన కుక్కల్లో భయంతో ముడిపడ్డ ప్రవర్తనలు ఎక్కువగా కనిపించాయి. అవీ యజమానుల జవాబుల మీద ఆధారపడ్డవే. భయంతో మొరిగే కుర్ర కుక్కకు తొందరపడి ఆపరేషన్ చేయించడం మీద ఇప్పుడు సందేహం బలంగా ఉంది.

జాతి తేడా ఇంకో చిక్కు. ఎనిమిదో నెల ప్రయోగంలో ఉన్నవి మనిషి మాట వినడానికే తరతరాలుగా ఎంచిన జాతులు. దూరంగా పరుగెత్తి సొంతంగా నిర్ణయించుకునే వేట జాతికి ఆ నెలల లెక్క అలాగే వర్తిస్తుందనుకోలేం. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద చేసిన పని ఇక్కడ దారి చూపుతుంది. వేలు చూపితే చిన్న కుక్కపిల్లలు నమ్మి అటు వెళ్లాయి, పెద్దవి ఆ మనిషి నమ్మదగినవాడా కాదా చూసుకుని తీరు మార్చుకున్నాయి. మనిషి మీద నమ్మకం వయసుతో మారే తీరును మన కుక్కల్లో, మన వీధుల్లో కొలవొచ్చని ఆ బృందం చూపింది.

చెవుడు విషయంలో దారి ఇంకా స్పష్టంగా ఉంది. బ్రిటన్‌లో డాల్మేషియన్ పిల్లలను అమ్మకముందే యంత్రంతో పరీక్షించే అలవాటు నెలకొంది. 1992 నుంచి 2017 మధ్య పుట్టిన 8,955 కుక్కల ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఒక చెవి వినిపించనివి 13.4 శాతం, రెండూ వినిపించనివి 4.4 శాతం. ఆ పాతికేళ్లలో చెవుడు దాదాపు మూడో వంతు తగ్గింది. వినికిడి సరిగ్గా ఉన్న తల్లిదండ్రులనే జతకట్టించడం తప్ప వాళ్లు చేసిన ప్రత్యేక వైద్యమేమీ లేదు. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో రాజపాళయాన్ని ఇప్పటికే చిప్పిపారై, ముధోల్‌లతో పాటు నమోదైన జాతుల జాబితాలో చేర్చింది. ఎత్తు, రంగు, ముక్కు కొలతల పక్కన వినికిడి ఫలితం రాయడానికి ఒక గడి చేర్చి, పిల్లను కొనేవాళ్లు దాన్ని అడగడం మొదలుపెడితే, ఎనిమిదో నెలలో వచ్చే తగువుల్లో కొన్ని ఆరో వారంలోనే తేలిపోతాయి.